అయిదో రోజు నూనె

మా నాన్న ఖ్మయిస్ ముంజేతుల మీద వెంట్రుకలుండవు.
ముప్పయ్యేళ్ళ నూనె ఆవిరి వాటిని మొలవనివ్వలేదు.
ట్యూనిస్‌లో, బాబ్ జెదీద్ మలుపులో ఆయన కొట్టు:
ఒక మూకుడు, ఒక ఇనప ఊచ, ఒక ఎత్తుపీట.
గొమ్రాసెన్ కొండల నుంచి దిగివచ్చిన మావాళ్ళకి
తెలిసిన పని అదే:
తడిచేత్తో పిండిముద్ద సాగదీసి
నడుమ చిల్లి పొడిచి
కాగే నూనెలోకి జార్చడం,
ఊచతో తిప్పి, గుచ్చి, పైకి తీయడం.

నూనె మాట ఆయనకి అర్థమవుతుంది.
మొదటి రోజు చిటపటలాడుతుంది, గడుసుపిల్లలా.
రెండో రోజు గొంతు తగ్గిస్తుంది.
మూడో రోజు అంచుల్లో నురగ, ఎంతకీ విరగని నురగ.
"అబద్ధాలకోరు పెదాల చివర చూశావా, అట్లా" అనేవాడు.
నాలుగో రోజు, కాగకముందే పొగ.
అయిదో రోజు గురించి ఆయన మాట్లాడేవాడు కాదు.
పైన కాస్త కొత్త నూనె పోసేవాడు,
ముసలి గుర్రానికి రంగేసినట్టు.

ఇంట్లో నూనె వేరు.
నాన్నమ్మ మ్బార్కా ఊరి నుంచి పంపేది
మట్టికూజా నిండా ఆలివ్ నూనె.
కొండ తొలిచిన గుహలో, కళ్ళకి గంతలతో
ఒంటె గానుగ తిప్పిన కాలం నాటి చెట్లు మావి.
మూడు. మూడంటే మూడే.
పచ్చగా ఉండేది, మింగితే గొంతులో చురుక్కుమనేది.
"ఆ చురుకు పోయిందా, నూనె ముసలిదైనట్టే."
కూజా పొయ్యి పక్కన పెడితే తిట్టేది.
కిటికీలో పెడితే ఇంకా తిట్టేది.
ఎండ పడదట దానికి, గాలి పడదట,
మూత తీసి కబుర్లు చెప్పేవాళ్ళు అసలే పడరట.

ఒకసారి పెళ్ళివిందుకని అమ్మ
రేకుడబ్బాలో తెల్లగా గడ్డకట్టిన కొవ్వు తెచ్చింది. చవక.
నాన్నమ్మ వేలితో తీసి అరచేతిలో రుద్ది రుద్ది
"నా ఒంటివేడికే కరగంది
నీ లోపలికెళ్ళి ఏం కరుగుతుందే" అంది.
అది శాస్త్రం కాదని ఇప్పుడు నాకు తెలుసు.
అయినా అంగట్లో డబ్బా వెనక్కి తిప్పి
చీమకాళ్ళ అక్షరాల్లో
హైడ్రోజనీకరణ అన్న మాట కనిపించినప్పుడల్లా
ఆ అరచెయ్యే నా ముందు తెరుచుకుంటుంది.
డబ్బా మళ్ళీ అరలోకే పోతుంది.

మా తమ్ముడు వజ్దీకి అప్పుడు ఆరేళ్ళు.
గురువారం. అయిదో రోజు.
బడి విడిచారు, కొట్టు ముందు నాణేలు పట్టుకుని పిల్లల వరస.
వాడూ చేయి చాచాడు.
నాన్న ఊచ వెనకవైపుతో ఆ చేతిని తట్టాడు.
"నీకు కాదు. ఇవి అమ్మకానికి."

ఎవరూ పట్టించుకోలేదు.
మూతుల నిండా చక్కెరతో నవ్వుకుంటూ పోయారు.
బొగ్గులకొట్టు జాజియా మనవరాలొక్కతే
సగం కొరికింది చేతిలో పట్టుకుని నిలబడి అడిగింది:
"వాడికెందుకు ఇవ్వవు? వాడు నీ కొడుకు కాదా?"

నాన్న గ్యాసు కట్టేశాడు.
ఎత్తుపీట దిగాడు.
మిగిలినదాన్ని పాత పేపరు మీద పెట్టి చూస్తూ కూచున్నాడు.
మరక పాకింది, గోధుమరంగులో,
కింది పేజీలో ఎవరిదో చావుకబురు పైకి తేలేదాకా.
అప్పుడు దాన్ని తీసి తిన్నాడు.
మొత్తం. నెమ్మదిగా.
నేను చూస్తుండగా ఆయన తన సరుకు తినడం అదే మొదలు.

ఆ తర్వాత మేం బాగుపడ్డామని చెప్పను.
రెండు రోజులకోసారి నూనె మార్చాడు.
ధర యాభై మిల్లీములు పెంచాడు.
ఎదుటి మోంజీ కొట్టుకి సగం వరస దాటిపోయింది,
ఆ పిల్లతో సహా.
గోడ మీద బొగ్గుతో లెక్కలు రాసి, చెరిపి, రాసి
ఒక చలికాలమంతా సాయంత్రాలు మూటలు మోశాడు.

మాడిన నూనె సబ్బులాయన పట్టుకెళ్ళేవాడు.
డబ్బుకి బదులు సబ్బులిచ్చేవాడు,
ఇటుకలంత, ఇటుకల రంగులో.
ఏడాది పొడవునా వాటితోనే చేతులు కడుక్కున్నాం.
జిడ్డు బాగా వదిలేది.
వేళ్ళకి మాత్రం, ఎంత కడిగినా,
అయిదో రోజు వాసన.